ముక్కు తెరుచుకుందా... తెరుచుకున్నట్టుందా?

ఫిబ్రవరి వచ్చిందంటే పొదిలి చుట్టుపక్కల ఊళ్లలో కళ్లాల నిండా మిరపకాయలే. తాలుకాయలు ఏరే ఆడవాళ్లు మూతికి చెంగు చుట్టుకునే కూర్చుంటారు. అయినా తుమ్ములు ఆగవు. సాయంత్రానికి ముక్కు దిబ్బడ, రాత్రికి నోటితో ఊపిరి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పసుపు వేసి ఆవిరి పట్టిస్తారు. లేదంటే బాం. అదీ కాకపోతే మందులషాపుకెళ్లి 'ముక్కులో వేసుకునే చుక్కలు' అడగడమే.

ఇందులో ఏది నిజంగా ముక్కును తెరుస్తోంది? ఏది తెరిచినట్టు అనిపిస్తోంది? రోగిని అడిగితే తేలే సంగతి కాదిది. అందుకే విమానం రెక్క చుట్టూ గాలి ఎలా సాగుతుందో లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతిని ముక్కులోకి తెచ్చారు శాస్త్రవేత్తలు.

ముక్కంటే రెండు గొట్టాలని అనుకుంటాం గానీ, లోపలంతా ఇరుకు సందులే. పక్కగోడల మీద మడతల్లా టర్బినేట్లు ఉంటాయి. వాటిలోని రక్తనాళాలు ఉబ్బితే దారి మూసుకుపోతుంది. దిబ్బడ అంటే చీమిడి ఒక్కటే కాదు, ఈ వాపు కూడా. సన్నటి సందులో చిన్న తేడా కూడా పెద్దదే. ఒక మిల్లీమీటరు సందు ఒకటిన్నర అయిందనుకోండి... గాలి సాఫీగా పారుతుంటే, అదే బలంతో పీల్చినా మూడు రెట్లకు పైగా గాలి వెళ్తుంది!

ముందుగా సీటీ స్కాన్ తీస్తారు. ఆ పొరలన్నీ పేర్చి కంప్యూటర్‌లో అచ్చం ఆ మనిషి ముక్కునే కడతారు. లోపలి ఖాళీని లక్షలాది చిన్న గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో గాలి వేగం, ఒత్తిడి ఎంతో లెక్క వేస్తారు. మందు వేయక ముందు ఒక స్కాన్, వేశాక మరొకటి. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఏ మలుపులో దారి వచ్చిందో కనిపిస్తుంది. ఒక చిక్కుంది. మందు రక్తనాళాన్ని ఏం చేస్తుందో కంప్యూటర్ తనంతట తాను చెప్పలేదు, మారిన ఆకారం వల్ల గాలి ఎలా మారిందో మాత్రమే చెబుతుంది. స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది కాబట్టి వందలమందికి ఊరికే తీయడమూ కుదరదు.

2009లో ఈ రంగంలో వచ్చిన రెండు పత్రాల్లో మొదటి పేర్లు మనకు బాగా తెలిసిన ఇంటిపేర్లే. అమెరికాలోని సిన్సినాటీ విశ్వవిద్యాలయంలో మైలవరపు గౌతమ్ బృందం, కంప్యూటర్ లెక్కను నమ్మొచ్చో లేదో చూడటానికి అదే కొలతలతో శ్వాసమార్గం నమూనా చేసి గాలి ఊది, ఒత్తిడి కొలిచి సరిచూసింది. సింగపూర్‌లో గార్లపాటి, సహచరులు టర్బినేట్లు వాచినప్పుడు స్ప్రే మందు లోపల ఎక్కడికి చేరుతుందో పరిశీలించారు.

ఇక బాం సంగతి. తలనొప్పికని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం మొదలు, ఇలాంటి వాసన మందులు లేని తెలుగిల్లు అరుదు. మెంథాల్ పీల్చినవాళ్లు ముక్కు తెరుచుకుందని సంతోషించారు గానీ, గాలికి ఎదురయ్యే అడ్డు మాత్రం తగ్గలేదని బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రాన్ ఎకిల్స్ 1980ల్లోనే కొలిచి చూపారు. ఎందుకలా? గాలి తగిలి లోపలి పొర ఎంత చల్లబడుతోందన్న దాన్నిబట్టే మెదడు 'బాగా ఆడుతోంది' అనుకుంటుందని కై జావో బృందం కంప్యూటర్ లెక్కలతో తేల్చింది. మెంథాల్ ఆ చల్లదనం కబురు మోసే నాడులనే తడుతుంది. అలాగని బాం పనికిరాదనలేం... హాయిగా నిద్రపడితే అదీ లాభమే కదా!

మాత్రల కథ వేరు. జలుబు మాత్రల్లో ఎక్కువగా కనిపించే ఫెనైలెఫ్రిన్‌ను మింగితే ముక్కు దిబ్బడ తగ్గదని 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. చాలావరకు రక్తంలో కలవకముందే విరిగిపోతుంది. ఇది కంప్యూటర్ చెప్పిన మాట కాదు, మనుషుల మీద జరిగిన పరీక్షలు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో మన ఔషధ నియంత్రణ సంస్థ, క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపిన ఈ మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద ముద్రించమంది.

చుక్కల మందులు, అంటే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ రకాలు, నిజంగానే పనిచేస్తాయి. రక్తనాళాలు ముడుచుకుని సందు పెరుగుతుంది. తంటా అక్కడే మొదలవుతుంది. రోజుల తరబడి వేసుకుంటే, మందు దిగగానే వాపు మునుపటికంటే ఎక్కువై మళ్లీ సీసా కోసం చెయ్యి చాస్తారు. వైద్యులు సాధారణంగా మూడు నుంచి అయిదు రోజులు దాటొద్దంటారు. కళ్లం పని వారాల తరబడి సాగుతుంది. మిగతా రోజులకు దుమ్ము కడిగే ఉప్పునీటి చుక్కలున్నాయి. వాటికి ఈ అలవాటు బెడద లేదు.