భద్రాద్రి నుండి కౌలాలంపూర్‌కు

2025 జనవరి 28వ తేదీన మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లో భారత, స్కాట్లండు జట్ల మధ్య ఒక క్రికెట్ పోటీ జరిగింది. అది పందొమ్మిదేళ్ల లోపు బాలికల టీ20 ప్రపంచ కప్పులో భాగం. ఆనాడు భారత జట్టు పక్షాన ఇన్నింగ్సు ప్రారంభించిన ఒక తెలుగు యువతి 59 బంతులలో 110 పరుగులు సాధించి, చివరివరకు అజేయంగా నిలిచింది. ఆ పోటీల చరిత్రలో అదే మొట్టమొదటి శతకం. ఆమె పేరు గొంగడి త్రిష. జన్మస్థలం గోదావరీ తీరంలోని భద్రాచలం.

భద్రాచలమనగానే ఆంధ్రదేశంలోను, తెలంగాణంలోను ఎవరికైనా స్ఫురించేది శ్రీరామచంద్రుని ఆలయం, ఆ ఆలయం కోసం చెరసాల పాలైన రామదాసు. ఆ పట్టణానికి మరొక ముఖం కూడా ఉన్నది. ఖమ్మం మైదాన ప్రాంతం వెనుకబడి, కోయగూడేలు, ఇప్పచెట్లు, టేకువనాలు మొదలయ్యే అటవీ సీమకు అది ద్వారం వంటిది. ఆవలనున్నది ఛత్తీస్‌గఢ్ అరణ్యం. నదికి ఈవలి ఒడ్డున సారపాకలో కాగితపు పరిశ్రమ ఉన్నది. ఇంత ప్రసిద్ధమైన క్షేత్రానికి రైలు మార్గం లేకపోవడం విచిత్రమే. ‘భద్రాచలం రోడ్’ అనే పేరుగల రైల్వే స్టేషను ఉన్నమాట నిజమే గాని, అది ఉన్నది సుమారు నలభై కిలోమీటర్ల దూరంలోని కొత్తగూడెంలో. త్రిష జన్మించిన 2005 డిసెంబరు నాటికి ఈ పట్టణం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

ఆమె సాధించిన విజయపు విలువ బోధపడాలంటే, ముందుగా యువజనుల అంతర్జాతీయ పోటీలన్నవి ఎందుకు ఏర్పడినవో తెలుసుకోవాలి. ఏ క్రీడలోనైనా పదహారు పదిహేడేళ్ల ప్రతిభావంతులు, పది పదిహేనేళ్ల అనుభవం గడించిన వారితో నేరుగా తలపడితే వెలుగులోకి రావడం కష్టం. అందుచేత వయస్సును బట్టి వేరుగా పోటీలు నిర్వహించే సంప్రదాయం ఏర్పడింది. మంచు గడ్డకట్టిన మైదానం మీద ఇనుప అంచుల పాదరక్షలతో జారుతూ ఆడే ఐస్ హాకీలో, ఇరవై ఏళ్ల లోపు యువకులకు 1977 నుండి అధికారికంగా ప్రపంచ పోటీలు జరుగుతున్నవి. క్రిస్మస్ మొదలు నూతన సంవత్సరం వరకు కెనడా వంటి శీతల దేశాల ప్రజలు ఆ పోటీలను పండుగతో సమానంగా చూస్తారు. ఫుట్‌బాల్‌లో యువకుల ప్రపంచ పోటీ ప్రారంభమైనది కూడా అదే సంవత్సరం, ట్యునీషియాలో. క్రికెట్టులో బాలుర పోటీ 1988లో మొదలైంది. బాలికల విషయంలో మాత్రం చాలా జాప్యం జరిగింది. మహిళల ప్రపంచ కప్పు 1973లోనే, అనగా పురుషుల ప్రపంచ కప్పు కంటె రెండేళ్లు ముందుగా జరిగినప్పటికీ, పందొమ్మిదేళ్ల లోపు బాలికలకు ప్రపంచ కప్పు లభించడానికి మరి యాభై ఏళ్లు పట్టింది. 2021లో బంగ్లాదేశ్‌లో జరుగవలసిన తొలి పోటీ కోవిడ్ మహమ్మారి వలన వాయిదా పడి, చివరకు 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగింది.

ఈ పోటీలలో పదహారు దేశాలు పాల్గొంటాయి. నాలుగేసి జట్ల చొప్పున నాలుగు వర్గాలుగా విభజిస్తారు. ప్రతి వర్గంలోను మొదటి మూడు స్థానాలు పొందిన జట్లు ‘సూపర్ సిక్స్’ దశకు, అక్కడినుండి నాలుగు జట్లు సెమీఫైనల్‌కు చేరుతాయి. ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలుగవచ్చు. 2005 డిసెంబరులో పుట్టిన త్రిషకు 2025 జనవరి నాటికి పందొమ్మిదేళ్లు నిండినవి గదా, ఆమెకు అర్హత ఎట్లా లభించింది? పోటీ జరిగే రోజును కాక, అంతకు పూర్వమే నిర్ణయించిన ఒక తేదీని వయోనిర్ధారణకు ప్రమాణంగా తీసుకుంటారు. ఆ తేదీ నాటికి పందొమ్మిది నిండకుంటే చాలును.

త్రిష తండ్రి యౌవనంలో హాకీ ఆడినవాడు. భద్రాచలంలో వ్యాయామశాల నడుపుతూ, శారీరక దారుఢ్య శిక్షకుడిగా పనిచేసేవాడు. కుమార్తెకు రెండేళ్ల ప్రాయంలోనే ప్లాస్టిక్ బ్యాటు, బంతి చేతికిచ్చాడు. ఆడపిల్లకు ఆటలేమిటని అనేవారు లేని ఊరు తెలుగునాట అరుదు. ఐనను ఆయన ఆ దారి మార్చుకోలేదు. బిడ్డలో నిజమైన నేర్పు ఉన్నదని గ్రహించిన తరువాత ఉన్న ఊరిలో మిగిలిపోవడం సాధ్యం కాలేదు. పచ్చిక మైదానం, వృత్తి శిక్షకులు, తోటి బాలికల జట్టు, వారానికొక పోటీ – ఇవేవీ భద్రాచలంలో దొరికేవి కావు. ఉద్యోగం విడిచి, వ్యాయామశాలను, ఆ పిమ్మట కొంత భూమిని విక్రయించి ఆయన కుటుంబంతో సికింద్రాబాదుకు తరలివెళ్లాడు. అక్కడి సెయింట్ జాన్స్ శిక్షణ కేంద్రంలో త్రిష చేరింది. భారత మహిళా క్రికెట్టుకు దీర్ఘకాలం నాయకత్వం వహించిన మిథాలీ రాజ్ బాల్యంలో ఓనమాలు దిద్దినది కూడా సెయింట్ జాన్స్ శిబిరంలోనే. నేలను నమ్ముకొని బ్రదికే సీమలో భూమిని అమ్మి ఆట మీద పెట్టడం ఎంతటి సాహసమో వేరుగా చెప్పనవసరం లేదు. ఆ పిల్లకు ఒక్క గాయం తగిలినా, ఒక్క ఏడాది ఎంపిక తప్పినా, ఆ పెట్టుబడికి తిరుగు లేదు.

2023లో దక్షిణాఫ్రికాకు వెళ్లిన భారత జట్టులో త్రిషకు స్థానం లభించింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. షఫాలీ వర్మ ఆ జట్టుకు నాయకురాలు. జనవరి 29న పొచెఫ్‌స్ట్రూమ్‌లో జరిగిన తుదిపోరులో ఇంగ్లండు జట్టు కేవలం 68 పరుగులకు ఆలౌటయింది. లక్ష్యం స్వల్పమే గాని, ఇద్దరు బ్యాటర్లు త్వరగా వెనుదిరగడంతో ఆందోళన కలిగింది. ఆ సమయంలో త్రిష, సౌమ్య తివారీ చెరి 24 పరుగులు చేసి జట్టును ఒడ్డుకు చేర్చారు. గెలుపు మూడు పరుగుల దూరంలో ఉండగా త్రిష ఔటయింది. భారత మహిళా క్రికెట్టుకు ఏ స్థాయిలోనైనా లభించిన తొలి ప్రపంచ కప్పు అదే. ఆ జట్టు శిక్షకురాలు నూషిన్ అల్ ఖదీర్‌కు ఆ విజయం మరొక విధంగా కూడా తీపి. 2005లో అదే దక్షిణాఫ్రికాలోని సెంచూరియన్‌లో మిథాలీ రాజ్ నాయకత్వాన ప్రపంచ కప్పు తుదిపోరులో ఆస్ట్రేలియా చేతిలో ఓడిన జట్టులో ఆమె ఒక సభ్యురాలు.

ఇట్టి పోటీలలో చిన్న దేశాల విజయాలు కూడా మరపురానివి. 2023లో ర్వాండా బాలికలు వెస్టిండీస్‌ను ఓడించారు. 2025లో తొలిసారిగా అడుగుపెట్టిన నైజీరియా, సారవాక్ ప్రాంతంలో జరిగిన పోటీలో న్యూజిలాండుపై రెండు పరుగుల తేడాతో గెలిచింది. వర్షం వలన ఆ ఆట పదమూడు ఓవర్లకు కుదించబడింది. పెద్దల ప్రపంచ కప్పులలో ఇటువంటి అద్భుతాలు తరచుగా కనిపించవు.

2024 డిసెంబరులో కౌలాలంపూర్‌లోనే జరిగిన తొలి ఆసియా కప్పు తుదిపోరులో బంగ్లాదేశ్‌పై త్రిష 52 పరుగులు చేసింది. తరువాతి నెలలో ప్రపంచ కప్పు. నిక్కీ ప్రసాద్ నాయకత్వంలోని భారత జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. త్రిష చేసిన పరుగులను వరుసగా చూస్తే ఆమె ఆటతీరు అవగతమవుతుంది. వెస్టిండీస్‌పై 4, మలేసియాపై 27, శ్రీలంకపై 49, బంగ్లాదేశ్‌పై 40, స్కాట్లండుపై 110, సెమీఫైనల్‌లో ఇంగ్లండుపై 35, తుదిపోరులో దక్షిణాఫ్రికాపై 44. మొత్తం 309. వీటిలో శతకం కన్న శ్రీలంకపై చేసిన 49 పరుగులే గొప్పవని చెప్పవచ్చు. ఆనాడు భారత జట్టు మొత్తం 118 పరుగులే చేయగలిగింది, తొమ్మిది వికెట్లు పడినవి. తక్కినవారు తడబడిన పిచ్‌పై ఆమె ఒక్కతె నిలకడగా నిలబడింది. స్కాట్లండుపై శతకం అందరికీ గుర్తుండేది, ఇది తెలిసినవారు మెచ్చుకొనేది. ఒకే ప్రపంచ కప్పులో 309 పరుగులు అంతకుముందు ఎవరూ చేయలేదు. 2023లో శ్వేతా సెహ్రావత్ చేసిన 297 పరుగుల రికార్డును అది అధిగమించింది.

త్రిష కేవలం బ్యాటరు కాదు, లెగ్ స్పిన్ బౌలరు కూడా. కుడిచేతితో మణికట్టును తిప్పుతూ వేసే ఈ బంతి నేలను తాకిన పిమ్మట, కుడిచేతివాటపు బ్యాటరు కాలివైపు నుండి వెలుపలికి మళ్లుతుంది. వేసేవారికి పట్టు చిక్కడం కష్టం, ఎదుర్కొనేవారికి అంచనా వేయడం కష్టం. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్ సమీపంలోని బయుమాస్ ఓవల్‌లో జరిగిన తుదిపోరులో ఆమె నాలుగు ఓవర్లలో 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. దక్షిణాఫ్రికా 82 పరుగులకు పరిమితమైంది. తరువాత ఆమె 33 బంతులలో 44 పరుగులు చేసి నాటౌట్‌గా నిలవగా, భారత జట్టు 11.2 ఓవర్లలోనే తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచింది. ఆ ఆటలో ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం, మొత్తం పోటీలలో ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం రెండూ ఆమెకే దక్కినవి. ఆ గౌరవాన్ని ఆమె తన తండ్రికి అంకితమిచ్చింది. ఆ జట్టులో విశాఖపట్టణానికి చెందిన షబ్నం షకీల్, హైదరాబాదుకు చెందిన కేసరి ద్రితి కూడా ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం త్రిషకు కోటి రూపాయల పారితోషికాన్ని ప్రకటించింది.

మహాభారతం ఆదిపర్వంలో రాజకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టమొకటి ఉన్నది. రంగస్థలం, ప్రేక్షకులు, గురువు, అన్నీ వారికి అమరి ఉన్నవి. అదే పర్వంలో అడవిలో మట్టిబొమ్మ ఎదుట ఒంటరిగా అభ్యసించిన ఏకలవ్యుడు కూడా ఉన్నాడు. త్రిషను ఏకలవ్యునితో పోల్చడం వినడానికి సొంపుగా ఉండునేమో గాని, సమంజసం కాదు. ఆమెకు తండ్రి ఉన్నాడు, అమ్మడానికి భూమి ఉన్నది, తరలివెళ్లడానికి నగరం ఉన్నది. చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాల గూడేలలో అమ్మడానికి ఏమీ లేని ఇళ్లే ఎక్కువ. అక్కడి బాలిక చేతిలో ఎంత నేర్పు ఉన్నా, దానిని చూసేవారు ఉండాలి, చూసినవారు చేయిపట్టి తీసుకురావాలి. భద్రాచలంలో పుట్టిన బిడ్డ కౌలాలంపూర్ చేరడానికి సికింద్రాబాదు మీదుగానే వెళ్లవలసి వచ్చిందన్న సంగతి, ఆమె పరుగుల పట్టికలో కనిపించదు.

యువ పోటీలో గెలిచినంత మాత్రాన పెద్దల జట్టులో చోటు దానంతట అదే రాదు. ఐతే దారి ఉన్నదనడానికి నిదర్శనాలు లేకపోలేదు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు దక్షిణాఫ్రికాను ఓడించి తొలిసారి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, ఆ తుదిపోరులో ఉత్తమ క్రీడాకారిణి షఫాలీ వర్మ. 2023 నాటి బాలికల జట్టు నాయకురాలే ఆమె. ఆ విజేత జట్టులో కడప జిల్లాకు చెందిన శ్రీచరణి, హైదరాబాదుకు చెందిన అరుంధతి రెడ్డి ఉన్నారు. బాలికల తదుపరి ప్రపంచ కప్పును 2027లో నిర్వహించే బాధ్యత బంగ్లాదేశ్, నేపాల్ దేశాలకు అప్పగించబడింది. వయోపరిమితి దాటినందున అందులో త్రిష ఆడజాలదు. ఆమె స్థానంలో ఇన్నింగ్సు ప్రారంభించే బాలిక ఎవరో, ఏ ఊరిదో ఎంపిక సంఘం తేల్చవలసి ఉన్నది.