స్కోలియోసిస్‌కి ఎక్సర్‌సైజ్: నేను పంపిన లింక్ ఎందుకు తప్పు?

ఈ ఎపిసోడ్‌లో తప్పు చేసింది నేనే, కాబట్టి ముందు అది చెప్పేస్తా.

మా పిన్ని కూతురు ఓణీల ఫంక్షన్‌కి బ్లౌజ్ కొలతలు తీసుకుంటూ టైలర్ ఆంటీ ఆగిపోయింది. "అమ్మా, పాపకి కుడి భుజం ఎత్తుగా ఉంది, వీపు కూడా ఒక పక్కే ఉబ్బినట్టుంది, చూశారా?" అంది. రోజూ చూసే మాకెవరికీ కనపడలేదు! ఎక్స్‌రే తీయిస్తే 21 డిగ్రీలు. డాక్టర్ గారు స్కోలియోసిస్ అన్నారు. ఫిజియో దగ్గర ఎక్సర్‌సైజులు నేర్చుకుని, నాలుగు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. పిన్ని నాకు ఫోన్ చేస్తే, నేను మహా తెలిసినట్టు "దానికి డబ్బులెందుకు పిన్నీ, యూట్యూబ్‌లో బోలెడున్నాయి" అని ఒక లింక్ పంపించా. పాపం, చెల్లి రోజూ చేసింది. బాగానే చేస్తోంది కదా అని నాలుగు నెలలు కాస్తా ఎనిమిది చేశాం. రెండో ఎక్స్‌రేలో 29.

ఫిజియో దగ్గరికి వెళ్లుంటే ఆగేదా? గ్యారంటీ ఇవ్వలేను, ఏం చేసినా పెరిగే కేసులూ ఉంటాయి. కానీ ఆ లింక్ తప్పు.

స్కోలియోసిస్ అంటే గూని కాదు. గూనిలో వీపు ముందుకి వంగుతుంది. ఇక్కడ వెన్నెముక పక్కకి వంగుతుంది, దాంతోపాటు మెలి తిరుగుతుంది, తడి టవల్ పిండినట్టు. అందుకే పక్కటెముకలు ఒకవైపు వెనక్కి పొడుచుకొస్తాయి, రెండోవైపు గుంట పడుతుంది. ఎక్స్‌రే మీద కొలిచే కోణాన్ని కాబ్ యాంగిల్ అంటారు. అది 10 డిగ్రీలైనా ఉంటేనే స్కోలియోసిస్. టీనేజ్ పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది, ఎక్కువమందిలో కారణం తెలీదు. స్కూల్ బ్యాగ్ వల్ల కాదు, ఫోన్ వల్ల కాదు. "నిటారుగా కూర్చో" అని తిడితే పోదు. ఇది పిన్నిని ఒప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు లింక్ సంగతి. అందులో అమ్మాయి వంపు ఎడమకి, మా చెల్లిది కుడికి. కోడ్‌లో ప్లస్ బదులు మైనస్ పెట్టినట్టు! మామూలు వర్కౌట్‌లో రెండువైపులా సమానంగా చేస్తాం. ఇక్కడ ఏ పక్క సాగదీయాలి, ఏ పక్క బిగించాలి, ఊపిరి ఎటు నింపాలి అన్నది ఆ పాప ఎక్స్‌రే చూసి డిసైడ్ చేయాలి.

ఊపిరి గోల ఏంటంటారా? కతరీనా ష్రోత్ అని 1894లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టారు. ఆవిడకే స్కోలియోసిస్, టీనేజ్‌లో స్టీల్ బ్రేస్ వేశారు. సొట్టపోయిన రబ్బరు బంతి గాలి నింపితే మళ్లీ గుండ్రంగా అవడం చూసి, నా వీపు గుంటలోకీ ఇలాగే ఊపిరి నింపితే? అనుకున్నారు. అద్దాల ముందు తన మీదే ప్రయోగాలు చేసుకుని, 1921లో మైసెన్ అనే ఊళ్లో వేరేవాళ్లకి నేర్పడం మొదలుపెట్టారు. ఇవాళ చాలా దేశాల్లో ష్రోత్ మెథడ్ అని నేర్పేది అదే.

చెల్లి ఇప్పుడు చేస్తోంది ఇదే. పక్కకి పడుకుని, నడుము కింద చిన్న బియ్యం సంచి పెట్టుకుంటుంది (నిజంగా బియ్యమే, ష్రోత్‌లో వాడేది అదే). వెన్ను పొడుగ్గా సాగదీసి, ఎడమవైపు గుంటలోకి ఊపిరి తీసుకుని, వదిలేటప్పుడు కండరాలు బిగించి ఆ పొజిషన్ నిలపాలి. చూడ్డానికి ఊరికే పడుకున్నట్టుంటుంది. నేను ట్రై చేస్తే నాలుగో ఊపిరికే చెమట పట్టింది.

దీంతో వెన్ను స్కేలులా అయిపోతుందా అంటే, కాదు. ఎదుగుదల ఆగేదాకా వంపు పెరగకుండా పట్టుకోవడమే గోల్. అమ్మాయిలు మెచ్యూర్ అవ్వడానికి కొంచెం ముందు అన్నిటికంటే వేగంగా పొడుగవుతారు, తర్వాత ఇంకో రెండేళ్లు మెల్లగా పెరుగుతారు. వంపు పెరిగేదీ అప్పుడే. ఆ టైమ్‌లోనే నేను ఎనిమిది నెలలు తినేశా.

25 లోపు ఉంటే ఎక్సర్‌సైజులు, చెకప్‌లు. ఇంకా ఎదిగే పిల్లల్లో 25 దాటితే బ్రేస్ కావాలి, ఎక్సర్‌సైజ్ దానికి తోడే కానీ బదులు కాదు. 2013లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంపు సర్జరీ దాకా వెళ్లలేదు, ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్లలో అది 48 శాతమే. 45, 50 దాటితే సర్జరీ మాట వస్తుంది. ఇంకోటి, "నెలలో మూడు డిగ్రీలు తగ్గించాం" అనే రీల్స్ చూస్తుంటారు కదా. కాబ్ యాంగిల్ కొలవడంలోనే 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది. ఆ మూడు డిగ్రీలు ఉత్త నాయిస్.

ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే ఒక నిమిషం పని. పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, చేతులు వేలాడేసి ముందుకి వంగమనండి. వెనక నుంచి చూడండి. వీపు ఒకవైపు ఎత్తుగా కనిపిస్తే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, నాలాంటోడికి ఫోన్ చేయకండి.

చెల్లికి ఇప్పుడు రోజుకి 18 గంటలు బ్రేస్. స్కూల్లో అడుగుతున్నారని మొదటి వారం ఏడ్చింది. టైలర్ ఆంటీయే బ్రేస్ కనపడకుండా నాలుగు వదులు కుర్తీలు కుట్టిచ్చింది, డబ్బులు తీసుకోలేదు. జనవరిలో మళ్లీ ఎక్స్‌రే. ఈసారి లింకులేమీ పంపలేదు. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి నెలనెలా ఫిజియో దగ్గరికి వచ్చే బస్ టికెట్లు నేనే బుక్ చేస్తున్నా.