వెండి నల్లబడితే తోమకండి

శ్రావణం రాగానే బీరువాలోంచి పట్టీలు, కుందులు బయటికి వస్తాయి. నల్లగా కనిపిస్తే చాలు, పీచు పట్టుకుంటాం. ఆ తోముడులో పోయేది నలుపు ఒక్కటే కాదు.

వరలక్ష్మీ వ్రతానికి కలశం చెంబు, కుంకుమ భరిణె, గంధం గిన్నె కావాలి. పేరంటానికి పిల్లల కాళ్లకు పట్టీలు, పెద్దవాళ్ల నడుముకు వడ్డాణం కావాలి. ఏడాదిపాటు గుడ్డమూటలో ఉన్నవన్నీ ఒక్కరోజులో తెల్లబడాలి. అందుకని చింతపండు, విభూతి, ముగ్గుపిండి, టూత్‌పేస్టు, ఏది చేతికందితే దానితో రుద్దేస్తాం. సాయంత్రానికి అన్నీ తళతళలాడతాయి. ఆ తళతళ కోసం ఎంత వెండి తూములో కలిసిపోయిందో ఎవరూ తూచి చూడరు.

వెండికి ఇనుములా తుప్పు పట్టదు. గాలిలో ఉండే గంధకపు వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్, వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కడతాయి. మొదట లేత పసుపు, ఆ తర్వాత గోధుమ, చివరికి నలుపు. తేమ ఉన్న చోట, మురుగు కాలువ దగ్గర, పొగ తగిలే చోట ఇది తొందరగా జరుగుతుంది. ఆ నల్లపొరలో ఉన్నది మన వెండే. గీకినప్పుడల్లా నగ కొంత సన్నబడుతుంది.

పట్టీలు నల్లబడితే ఒంట్లో వేడి చేసిందంటారు పెద్దవాళ్లు. నిజానికి చెమటలోని ఉప్పు, గంధకం ఉన్న పదార్థాలు, ఒంటికి రాసుకునే లేపనాలు చేసే పని అది. జబ్బని బెంగపడక్కర్లేదు. అలాగే, నల్లబడింది కాబట్టి దొంగ వెండి అని కంసాలిని అనుమానించడమూ తప్పే. 999 మేలిమి వెండి బిళ్ల కూడా నల్లబడుతుంది. నగ గట్టిగా ఉండాలంటే రాగి కలపక తప్పదు. 925 ముద్ర అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం. రాగి పాలు పెరిగేకొద్దీ నలుపు త్వరగా వస్తుంది.

చింతపండు ఇత్తడికీ రాగికీ మంచి మందు. వాటి మీది చిలుమును పులుపు కరిగిస్తుంది. వెండి మీది సల్ఫైడ్ మాత్రం చింతపండు పులుపుకు లొంగదు. చింతపండుతో వెండి తెల్లబడిందని మనం అనుకుంటున్నది చాలావరకు పీచుతో రుద్దిన ఫలితమే. టూత్‌పేస్టు సంగతి ఇంకా అన్యాయం. అది పంటి ఎనామిల్‌ను రుద్దడానికి తయారైన వస్తువు. గట్టిదనం కొలిచే మోస్ కొలమానంలో ఎనామిల్ సుమారు 5, వెండి 2.5 నుంచి 3 లోపే. పంటికి పనికొచ్చే గరుకు పొడి పట్టీల మీద సన్నని గీతలు పెడుతుంది. ఆ గీతల్లో మురికి చేరుతుంది, మళ్లీ తోమాల్సి వస్తుంది.

రోజూ పెట్టుకునే నగకు మన కుంకుడుకాయను మించినది లేదు. గోరువెచ్చని రసంలో కాసేపు వేసి, పాత మెత్తని బ్రష్షుతో నెమ్మదిగా రుద్ది, మంచినీళ్లతో కడిగి, నూలు గుడ్డతో ఒత్తితే చాలు. జిడ్డు, పసుపు, చెమట పోతాయి. మువ్వల్లో నీళ్లు నిలవకుండా ఆరబెట్టాలి.

బాగా నల్లబడిన వాటికి ఇంట్లోనే చేసుకోగల మంచి పద్ధతి ఒకటుంది. గాజు గిన్నె అడుగున వంటింటి అల్యూమినియం రేకు పరిచి, దానికి తగిలేలా నగలు పెట్టాలి. లీటరు వేడినీళ్లలో నాలుగు చెంచాల తినే సోడా, ఒక చెంచా ఉప్పు కలిపి మెల్లగా పోయాలి. కొద్ది నిమిషాల్లో కుళ్లిన గుడ్డు వాసన రావచ్చు. వెండిని పట్టుకున్న గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుంటోందన్నమాట. వెండిలో చాలా భాగం నగ మీదే నిలుస్తుంది. ఈ పద్ధతి గొప్పతనం అదే. తీశాక బాగా కడిగి తుడవాలి.

అయితే దీన్ని అన్నింటికీ వాడకూడదు. కావాలని నలుపు ఎక్కించిన ఆక్సిడైజ్డ్ నగలు ఇందులో వేస్తే చెక్కడాల్లోని నీడంతా పోయి వెలవెలబోతాయి. ముత్యాలు, పగడాలు పొదిగినవి, లోపల లక్క నింపినవి, జిగురుతో రాళ్లు అతికించినవి వేడినీళ్లకు దూరంగా ఉండాలి. బంగారు పూత వేసిన వెండిని మెత్తని గుడ్డతో ఒత్తడమే, రుద్దడం వద్దు. కరీంనగర్ వెండితీగ పనికి కూడా బ్రష్షు వద్దనే నా మాట. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనంలో వెంట్రుకల్లాంటి తీగలను మెలిపెట్టి అతుకుతారు. బ్రష్షు పోగు ఒకటి చిక్కుకుంటే చాలు, తీగ లేచిపోతుంది.

నగలకు మెరుగు పెడతామంటూ ఇంటి ముందుకొచ్చే వాళ్లకు వెండి ఇవ్వకండి. నైట్రిక్ ఆమ్లం వెండిని కరిగిస్తుంది. అలాంటిదాంట్లో ముంచి తీస్తే మెరుపు మీకు మిగులుతుంది, కరిగిన వెండి వాళ్ల గిన్నెలో మిగులుతుంది. తెలిసిన కంసాలి దగ్గరికే వెళ్లండి. ఇచ్చే ముందూ, తీసుకునేటప్పుడూ తూకం వేయించండి.

దాచడంలోనే సగం జాగ్రత్త ఉంది. పట్టీల జతకు రబ్బరు బ్యాండు చుట్టడం చాలా ఇళ్లలో అలవాటు. రబ్బరును గట్టిపరచడానికి గంధకం వాడతారు కాబట్టి బ్యాండు తగిలినంత మేర నల్లచార పడుతుంది. బ్యాండుకు బదులు నూలు దారం కట్టండి. ఒక్కో నగను విడిగా ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, గాలి చొరని కవరులో పెట్టి, తేమ పీల్చడానికి చిన్న సుద్దముక్క వేయండి. తలకు రంగు వేసుకునేటప్పుడు, బ్లీచింగ్ పొడి ముట్టేటప్పుడు, ఈతకొలనులో దిగేటప్పుడు వెండి ఒంటిమీద ఉండకూడదు. మెట్టెలు మాత్రం ఎంత జాగ్రత్తపడ్డా నేలకూ చెప్పుకూ రాసుకుని అరుగుతాయి. అంచు పదునెక్కితే వేలు కోసుకుంటుంది, వెంటనే మార్చేయండి.

చెమటకు కొంత నల్లబడినా, తరచూ పెట్టుకునే వెండి ఒంటి రాపిడికి చాలావరకు తనంతట తానే తెల్లగా ఉంటుంది. బీరువాలో పడి ఉన్నదే ఎక్కువ నల్లబడుతుంది. అందుకే ఈ శ్రావణం అయ్యాక పిల్లల పట్టీలను మళ్లీ మూటకట్టకండి. వాళ్ల కాళ్లకే ఉండనివ్వండి.