పేడ తగ్గిందా? పొట్టలో మేకుందేమో చూడండి

అల్లూరు వైపు పాడి రైతులారా! బర్రె మేత తగ్గించింది, పొట్ట ఉబ్బింది, పేడ కొంచెం కొంచెంగా జిగురుగా వేస్తోంది. "అజీర్తిలే" అని వాము, ఇంగువ తాగిస్తాం. నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ ఉబ్బుతుంది. అనుమానించాల్సింది ఇక్కడే. తప్పు మేతది కాకపోవచ్చు, పొట్టను ఆడించే నరానిది కావచ్చు.

మెదడు నుంచి వేగస్ అనే నరం మెడ, రొమ్ము మీదుగా పొట్టలకు దిగుతుంది. పెద్ద పొట్ట నిమిషానికి ఒకటి రెండుసార్లు ముడుచుకోవాలన్నా, నలిగిన మేత ముందుకు జరగాలన్నా దీని ఆజ్ఞ ఉండాలి. ఈ నరం కొమ్మలు తెగితే మేత ఎక్కడెక్కడ నిలిచిపోతుందో స్వీడన్‌కు చెందిన హోఫ్లుండ్ 1940లోనే పరీక్షించి రాశాడు.

మరి కొట్టంలో ఉన్న బర్రెకు నరం ఎలా దెబ్బతింది? చాలాసార్లు మన చేతిమీదుగానే. ఇల్లు కట్టగా మిగిలిన బైండింగు తీగ, రొయ్యల గుంట కంచె ముక్క, మేకు వరిగడ్డిలో కలుస్తాయి. బర్రె ఏరుకుని తినదు, నాలుకతో చుట్టి మింగేస్తుంది. ఇనుము తేనెపట్టులా గళ్లున్న రెండో పొట్టలో ఆగి, అది ముడుచుకున్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. చూడి బర్రెకైతే దూడ బరువు తోడై ఇంకా లోపలికి దిగుతుంది. ముందుకు పోతే గుండె అక్కడే ఉంది. పక్కకు పోతే చీము పట్టి, పొరలు అతుక్కుని, నరం పని చెడుతుంది.

బర్రె వెనక నిలబడి చూడండి. ఎడమవైపు పైనుంచి కిందిదాకా ఉబ్బి, కుడివైపు కింద మాత్రమే సంచిలా జారితే ఆలస్యం చేయొద్దు. పొట్ట కదులుతోంది కదా అని మోసపోకండి. ఒక్కోసారి మామూలుకంటే ఎక్కువే కదులుతుంది, మేత మాత్రం ముందుకు పోదు. నోరెత్తి పట్టి నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి అసలుకే మోసం వస్తుంది.

పశువుల డాక్టరు ఎడమ డొక్క కోసి, పెద్ద పొట్టలోంచి చెయ్యి పెట్టి తీగ తీస్తారు. తొందరగా తీస్తే బర్రె మళ్లీ పాలకు వస్తుంది. నరం బాగా చెడ్డాక తీస్తే ఇనుము బయటికొచ్చినా పేడ దారికి రాదు, బర్రె దక్కడం కష్టం.

వామి వేసే చోటు ముందే ఊడ్చుకోండి. ఇది రాయబోతూ మా వాకిలి వెతికితే రెండు మేకులు దొరికాయి! పశువులకు మింగించే అయస్కాంతం కూడా ఉంది, డాక్టరునడగండి. అది రెండో పొట్టలోనే ఉండిపోయి ఇనుప ముక్కల్ని పట్టి ఉంచుతుంది. రాగి తీగను మాత్రం పట్టదు, అప్పటికే లోతుగా దిగిన మేకును వెనక్కి లాగదు.