లారెన్ ఎడమ చేతి షాట్: పోయిన పిల్లను ఇంటోళ్ళు ఎట్లా యాది పెట్టుకున్నరు

పోయిన ఎపిసోడ్‌లో లారెన్ హిల్ పేరు చెప్పి రెండు నిమిషాల్లో దాటేసిన. తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో సగం దాని మీదనే. ఆ పిల్ల ఎవరు, ఆ జబ్బేంది, అమెరికాలో అన్ని పైసలు, అంత పెద్ద దవాఖానలు ఉండంగ ఎందుకు బతికించలేకపోయిన్రు అని. నేను ఐటీఐ చదివి సైట్ల మీద పనిచేసేటోణ్ణి, డాక్టర్ని కాదు. తెలిసిన కాడికి రాస్త.

ఈ ముచ్చట నాకెందుకు పట్టిందో ముందు చెప్తె మంచిది. మా సైట్ల షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన, జగిత్యాల దిక్కు. పదిహేడేండ్ల కొడుకు మెదడులో గడ్డతోని పోయిండు. ఈయన ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చినంక క్యాంపుల ఎవ్వరం ఆ పిలగాని పేరు ఎత్తలే, బాధపడుతడని. ఏడాది గడిచినంక ఒకనాడు చాయ్ తాగుకుంట ఆయనే అన్నడు: "సార్, మీరంత వాణ్ణి మర్చిపోయిన్రు గదా." నాకు నోట మాట రాలే.

ఇగ లారెన్ సంగతి. ఆమెది సిన్సినాటి నగరం పక్కనే, ఇండియానా రాష్ట్రం. 1995లో పుట్టింది, బడిలో బాస్కెట్‌బాల్ ఆడేది. పద్దెనిమిదేండ్లు నిండిన రోజే సిన్సినాటిలోని మౌంట్ సెయింట్ జోసెఫ్ కాలేజీ తరఫున ఆడుతనని మాటిచ్చింది. కొన్ని వారాలకే డీఐపీజీ అని బయటపడ్డది.

మెదడు కింద, వెన్నుపాములోకి దిగే కాడ పాన్స్ అనే చిన్న భాగం ఉంటది. ఊపిరి, మింగుడు, కండ్లు తిప్పుడు, నడుచుడు, వీటికి సంబంధించిన నరాలు అక్కడి నుంచే పోతయి. ఈ గడ్డ పుట్టేది అక్కడ. అదన్న ఒక్క ముద్దగ ఉంటదా అంటే ఉండదు. గోడకు ఉబ్బు లేస్తే చెక్కి తీసి మళ్ళ ప్లాస్టర్ చేస్తం. ఇది అట్ల కాదు, కాంక్రీట్ కలిపేటప్పుడే అండ్ల పడ్డ ఉప్పు లెక్క. ఉప్పొక్కటే తీద్దామంటే కాలమే కూలుతది. అందుకే ఆపరేషన్ చేసి తీసెయ్యలేరు. మందులిద్దామంటే, రక్తంలోని మందును మెదడులోకి పోనియ్యకుండ శరీరంలోనే ఒక అడ్డుగోడ ఉంటది. రేడియేషన్ ఇస్తే కొన్ని నెలలు నయమైనట్టు కనబడతది. చాలామంది ఏడాది, ఏడాదిన్నరలోపే పోతరు. పైసల ప్రశ్నకు జవాబు ఇదే. చంద్రుని మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ బిడ్డ కూడా 1962లో రెండేండ్ల వయసులో మెదడు గడ్డతోనే పోయింది. ఆయన దాని గురించి బయట మాట్లాడింది చాలా తక్కువ.

ఈ జబ్బు ఎక్కువగ ఐదు నుంచి పదేండ్ల పిల్లలకు వస్తది. తమకేమైతుందో వాళ్ళకు చెప్పరాదు. చెప్పగలిగే వయసు నాకుంది, వాళ్ళ గొంతు నేనైత అన్నది లారెన్ ఆలోచన.

డిసెంబర్ దాక ఉంటదో ఉండదో అన్నరు. 2014 నవంబర్ 15న ఉన్న మొదటి ఆటను నవంబర్ 2కు జరిపిన్రు. అవతలి జట్టు హైరమ్ కాలేజీ, సొంతగడ్డ మీద ఆడాల్సిన ఆటను సిన్సినాటికి వదిలిపెట్టింది. పదివేల పైచిలుకు జనం. గడ్డ వల్ల కుడి పక్క బలం తగ్గింది కాబట్టి, కుడిచేతి వాటం పిల్ల ఎడమ చెయ్యి సాధన చేసి వచ్చింది. మొదటి బుట్ట ఎడమ చేత్తోనే వేసింది. ఆఖరిది మాత్రం కుడి చేత్తో. 66-55తో గెలిచిన్రు. తర్వాత జనం ఒక పందెం మొదలుపెట్టిన్రు: ఐదుసార్లు గిర్రున తిరిగి, వాటం లేని చేత్తో బంతి వెయ్యాలె. తల తిరిగి, చెయ్యి మాట వినకపోతే ఎట్లుంటదో తెలుస్తది. పది లక్షల డాలర్ల పైన జమైనయి. 2015 ఏప్రిల్ 10న లారెన్ పోయింది. పందొమ్మిదేండ్లు.

ఆ పైసలు చేరిన సంస్థ, ద క్యూర్ స్టార్ట్స్ నౌ, కూడా ఇసొంటి ఇంట్లనే పుట్టింది. సిన్సినాటిలోనే ఎలీనా డెసెరిచ్ అనే ఆరేండ్ల పిల్ల 2007లో ఇదే జబ్బుతో పోయింది. పోయినంక అమ్మానాన్నకు పుస్తకాల మధ్యల, సొరుగులల్ల చీటీలు దొరుకుడు మొదలైంది. మీరంటే ఇష్టమని వంకర అక్షరాలు, బొమ్మలు. చెల్లె కోసం కూడా. వందల చీటీలు దాచిపెట్టింది ఆ పిల్ల. ఒక కవరు మాత్రం వాళ్ళు విప్పలేదు. విప్పకుంటే ఇంకొకటి మిగిలున్నట్టే గదా.

ఇంకో పని చేసిన ఇండ్లున్నయి. బతికుండంగ ఈ గడ్డ ముక్క తియ్యాలంటే డాక్టర్లు చాలాకాలం భయపడ్డరు. ముక్క లేంది పరిశోధన ఎక్కడిది? పిల్లలు పోయినంక అమ్మానాన్నలే గడ్డను దానమిచ్చిన్రు. ఇది కొన్ని గంటల్లో జరగాలె, అంటే పిల్ల బతికుండంగనే సంతకం పెట్టాలె. ఆ చెయ్యి ఎట్లాడిందో నేను ఊహించలేను. అసొంటి ముక్కలు కూడా పరీక్షించే 2012లో, ఈ గడ్డల్లో ఎక్కువ శాతం ఒకే జన్యువు మార్పు ఉందని కనిపెట్టిన్రు. ఆ మార్పును బట్టి, 2025 ఆగస్టులో అమెరికా డోర్డావిప్రోన్ అనే మందుకు అనుమతిచ్చింది. పూర్తిగ మాన్పేది కాదు. కానీ ఈ మార్పున్న గడ్డలకు అనుమతి దొరికిన మొదటి మందు అదే.

ఒక మాట అడగకున్నా చెప్త. ఇంటికాడ పిల్లలకు పొద్దున లేస్తనే తలనొప్పి, వాంతి రోజూ అవుతున్నా, కన్ను మెల్ల పడ్డా, ఒకటి రెండుగ కనబడ్డా, నడక తూలినా, ఫోన్ల అద్దాల దుకాణం కాడికి పొమ్మని ఊకోకున్రి. నరాల డాక్టర్‌కు చూపించమనున్రి. చాలాసార్లు పెద్దదేం కాదు, అయినా చూపించాలె.

మా కార్పెంటర్ ఫోన్ మార్చినప్పుడు కొడుకు వాయిస్ మెసేజ్‌లు చాలా పోయినయి, బ్యాకప్ పెట్టుకోలే. ఒక్కటి మిగిలింది. ఇప్పుడు అడిగితే వినిపిస్తడు, మేం అడుగుతం కూడా. పదకొండు సెకన్లు. "బాపూ, బాయి కాడ మోటరు కాలిపోయింది, పైసలు పంపుతవా" అంటడు పిలగాడు. వెనక ఎవలదో బర్రె అరుస్తది. ఆ బర్రె ఎవలదో, ఆ మోటరు ఎన్నిసార్లు కాలిందో ఆయన చెప్పుకుంట పోతడు. మేం చాయ్ చల్లారేదాక వింటం.