ఎగిరే ముందు మోకు సరిచూసుకోవాలి

ముసునూరు: తాటిచెట్టు ఎక్కబోయే గీత కార్మికుడు మోకును ఒకసారి గట్టిగా లాగి చూసుకుంటాడు. రోజూ ఎక్కే చెట్టే అయినా, చూడకుండా కాలు పెట్టడు. పారాగ్లైడర్‌తో గాలిలోకి లేవాలని సరదాపడే యువకులకు తొలి పాఠం కూడా అదే.

మామిడి తోటలు, కరెంటు తీగలు నిండిన ముసునూరు పరిసరాలు ఈ ఆటకు తగవు. దీనికి అడ్డులేని కొండవాలు కావాలి. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్, మహారాష్ట్రలోని కామ్‌షెట్ ఇందుకు పేరుపొందాయి. విహారయాత్రకు వెళ్లినవారు పైలట్ వెంట ఎగిరి రావడమూ ఉంది. 2024 ఫిబ్రవరిలో కులూ జిల్లాలో అలా ఎగిరిన తెలంగాణ మహిళ ఒకరు కిందపడి మరణించారు. పరికరంలో లోపం లేదని, వాతావరణమూ బాగానే ఉందని, బెల్టు సరిచూడకపోవడమే కారణమని అక్కడి అధికారులు అప్పట్లో చెప్పారు.

గ్లైడర్లలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులున్నాయి. కొత్తవారికి 'ఏ' తరగతిదే తగినది. గాలి కుదిపినా చాలావరకు తనంత తానే సర్దుకుంటుంది. మనిషి, సామాను కలిపిన బరువు దానిపై రాసిన హద్దుల్లో ఉండాలి.

గుడ్డను వెల్లకిలా, వెనక అంచు తనవైపు ఉండేలా, విల్లు వంపులో పరచాలి. సన్నని తాళ్లలో ముడిగానీ, పుల్లగానీ చిక్కుకుందేమో ఒక్కొక్కటీ చూడాలి. ముందుగా హెల్మెట్, ఆపైన కాళ్ల పట్టీలు, తర్వాత ఛాతీ పట్టీ బిగించాలి. కాళ్ల పట్టీలు మరిస్తే గాలిలో మనిషి సీటులోంచి జారిపోతాడు. లోహపు కొక్కేలు పూర్తిగా మూసుకున్నాయో లేదో చేత్తో తడిమి చూడాలి.

తూర్పారపట్టే రైతుకు గాలివాటం ఒకరు చెప్పనక్కరలేదు. ఇక్కడా చిటికెడు దుమ్ము వదిలితే చాలు. గాలి ఎదురుగా, నిలకడగా, మెల్లగా రావాలి. కాయలు రాల్చే ఈదురుగాలి ఎంత హఠాత్తుగా లేస్తుందో మామిడి రైతుకు తెలుసు. మబ్బు కమ్ముతుంటే మూట విప్పకపోవడమే మేలు. మిట్టమధ్యాహ్నపు వేడికి గాలి పైకి ఎగదన్నుతుంది కనుక కొత్తవారికి ఉదయం, సాయంత్రం వేళలే అనువు.

అన్నీ కుదిరాక ముందుకు పరుగెత్తాలి. గుడ్డ తలపైకి లేచాక ఒకసారి పైకి చూడాలి. సరిగా విచ్చుకుంటే, కాళ్లు నేలను వదిలేదాకా పరుగు ఆపకూడదు. తొందరపడి సీట్లో కూర్చోకూడదు. గుడ్డ వంకరగా లేచినా, తాడు చిక్కుపడినా రెండు బ్రేకులూ కిందికి లాగి ఆగిపోవాలి. ఆగడం నామోషీ కాదు. ఇదంతా శిక్షకుని ఎదుట, చిన్న వాలుమీద ఎన్నోసార్లు సాధన చేశాకే కొండ ఎక్కాలి.

పైలట్ వెంట సరదాగా ఎగిరేవారు సైతం తమ కాళ్ల పట్టీలు తామే తడిమి చూసుకోవాలి. మరోసారి చూడమంటే మంచి పైలట్ చిన్నబుచ్చుకోడు. చిన్నబుచ్చుకునే పైలట్‌తో ఎగరకపోవడమే మంచిది.