రుసుము తీరింది, బాధ్యత మిగిలింది

ఏ పట్టణంలో చూసినా ‘ఇంటర్నేషనల్ స్కూల్’ అన్న బోర్డులు కనిపిస్తున్నాయి. వాటిని చూసి నిట్టూర్చే తల్లిదండ్రులు మనలో ఎందరో! పంక్చర్లు వేసి ఇల్లు నడిపే తండ్రికి, కుట్టుమిషన్ మీద సంసారాన్ని నెట్టుకొచ్చే తల్లికి ఆ బడి రుసుమే దాటలేని గోడ. ఆ గోడ లేని ఆంగ్ల మాధ్యమ విద్యాలయాలు జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఉన్నాయి. అవే మైనారిటీ గురుకులాలు.

గురుకులాలు మనకు కొత్త కాదు. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి ప్రభుత్వ గురుకులం వెలిసింది. ఆ బాటలోనే తెలంగాణ ప్రభుత్వం మైనారిటీల కోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పి, 2016లో 71 పాఠశాలలను ప్రారంభించింది. అనతికాలంలోనే వాటి సంఖ్య 204కు చేరింది. బాలురకు, బాలికలకు వేర్వేరు ప్రాంగణాలు. చదువు, భోజనం, వసతి, పుస్తకాలు, దుస్తులు అన్నీ ఉచితం. సీట్లలో 75 శాతం మైనారిటీలకు, తక్కినవి ఇతర వర్గాలకు. అంటే మన పిల్లలు ఇరుగుపొరుగు పిల్లలతో కలిసే పెరుగుతారు.

అదే 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి ఈ మూడు పట్టణాలూ కొత్త జిల్లాల కేంద్రాలయ్యాయి. జనగామ, మానుకోట రైలు దారి ఊళ్ళు. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ఊరు. మంచి ఆంగ్ల విద్య కావాలంటే హన్మకొండకో హైదరాబాదుకో వెళ్ళాలనుకున్న కుటుంబాలకు ఇప్పుడు ఆ అవకాశం సొంత జిల్లాలోనే ఉంది.

అయితే సీటు దొరకడంతో తల్లిదండ్రుల పని ముగిసిపోదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే బిడ్డ అయిదో తరగతిలో చేరగానే పాఠాలన్నీ ఆంగ్లంలో వినాలి. దూదేకుల కుటుంబాల పిల్లలకైతే ఇంటి భాష కూడా తెలుగే. మొదట్లో పాఠం అర్థం కాదు, అమ్మ గుర్తొస్తుంది. సెలవులకు వచ్చిన పిల్లవాడు మళ్ళీ వెళ్ళనని ఏడిస్తే, ఆ కన్నీటికి కరిగి బడి మాన్పించకూడదు. అలాగని ఆ ఏడుపును కొట్టిపారేయనూ కూడదు. కారణం అడగాలి. భోజనం, ఆరోగ్యం, భద్రత ఎలా ఉన్నాయో బడికి వెళ్ళి కళ్ళారా చూడాలి. ఉచితంగా ఇస్తున్నారు కదా అని ప్రశ్నించే హక్కును వదులుకోనక్కర్లేదు.

పరాయి భాషలో, పరాయి మతస్థుల వద్ద చదివితే పిల్లలు దీన్‌కు దూరమవుతారేమోనన్న సందేహం కొందరిది. బద్ర్ ఖైదీలలో చదువు వచ్చినవారు పదేసి మంది పిల్లలకు అక్షరాలు నేర్పితే వారిని విడుదల చేసేందుకు దైవప్రవక్త (స) అంగీకరించారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ గురువులు ముస్లింలు కారు, నిన్నటివరకు శత్రువులు. విద్య ఎవరి వద్ద ఉన్నా స్వీకరించదగినదే. నమాజు, నడవడిక, ఇంటి భాష నేర్పే బాధ్యత మాత్రం మనది. దాన్ని ఏ హాస్టలుకూ అప్పగించలేము.

అసలు పరీక్ష ఆడపిల్లల విషయంలో ఎదురవుతుంది. పదో తరగతి ముగియగానే పెళ్ళి మాటలు మొదలవుతాయి. ఈ గురుకులాలు జూనియర్ కళాశాలలుగా ఎదిగినా, మన గడప దగ్గరే అమ్మాయి చదువు ఆగిపోతే ఆ ఎదుగుదల ఎవరికోసం? విద్యార్జన స్త్రీపురుషులిద్దరికీ విధి అని వేదికలపై చెప్పుకుంటాం. ఆ మాట నిజమని మన ఇంటి అమ్మాయి ఇంటర్మీడియట్‌లో చేరిన రోజునే రుజువవుతుంది.

ప్రవేశాల ప్రకటన వెలువడే నాటికి ఆధార్, జనన, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధంగా ఉంచుకుందాం. వివరాలు జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో లభిస్తాయి. జుమా నమాజు తర్వాత మస్జిదు ముంగిట ఈ సమాచారాన్ని పదిమందికీ చెబుదాం. మనం చెప్పే ఒక్క మాటతో ఏ పేద ఇంటి బిడ్డకో చదువు దక్కవచ్చు.